జిలేబికి పక్క, తిండి

మా ఇంట్లో పాముంది. పెరట్లో కాదు, మా చిన్నోడి గదిలో, గాజు తొట్టెలో. ఈ మాట చెప్పగానే ఇంటికొచ్చిన స్నేహితురాళ్ళు కాళ్ళు సోఫా పైకి పెట్టేసుకుంటారు. నేనూ మొదట్లో అంతే.

మేముండేది టెక్సాస్‌లో, డల్లాస్ దగ్గర. ఈ ఊరు మారాక మా చిన్నోడు మాట్లాడటం తగ్గించేశాడు. అప్పుడు వాడికి పదకొండేళ్ళు. బడినుంచి రాగానే గదిలోకెళ్ళి తలుపేసుకునేవాడు. "తిన్నావా నాన్నా?" అంటే "ఊఁ". "బళ్ళో ఏం జరిగింది?" అంటే "ఏం లేదు". అలాంటివాడు ఒకరోజు తనంతట తానే వంటింట్లోకొచ్చి, ఆపకుండా పదినిమిషాలు మాట్లాడాడు, కార్న్ స్నేక్ గురించి. విషం ఉండదట. మన జెర్రిపోతు తరహాదట. పెరిగినా నాలుగైదడుగులేనట. బాగా చూసుకుంటే పదిహేను, ఇరవయ్యేళ్ళు బతుకుతుందట. నేను సరేనన్నది పాముకి కాదు, ఆ పదినిమిషాల మాటలకి.

ఇండియాలో ఉన్నవాళ్ళు పిల్లల మాట విని పెరట్లో పాముని పట్టుకునేరు! మన పాముల్ని అలా పట్టి పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మాది ఇక్కడ పెంపకందారు దగ్గర గుడ్డులోంచి వచ్చిన పిల్ల. అక్టోబర్‌లో తెచ్చేనాటికి జానెడు కన్నా కాస్త పొడుగు, నారింజరంగు, ఎప్పుడు చూసినా చుట్టలు చుట్టుకుని ఉండేది. మా వారు చూడగానే "జిలేబి" అన్నారు. అదే పేరైపోయింది.

పక్క వేయడం, అన్నం పెట్టడం. ఇరవయ్యేళ్ళుగా నేను చేస్తున్న పనులే కదా, పాముకైతే మాత్రం ఏముంది అనుకున్నాను. రెండింట్లోనూ తప్పాను.

పక్కకోసం దుకాణానికి వెళితే నాకు సెడార్ చెక్కపొట్టు నచ్చింది. సంచీ దగ్గరికెళితేనే కమ్మటి వాసన. చిన్నోడు నా చేతిలోంచి లాగేశాడు. ఆ వాసనొచ్చే నూనెలే పాము ఊపిరికి చేటట. పైన్ చెక్కతోనూ అదే భయం. ఇసుక వద్దు, తిండితోపాటు లోపలికి పోతే పేగుల్లో అడ్డుపడొచ్చు. కొబ్బరిపొట్టు మంచిదే కానీ తడి బాగా పట్టి ఉంచుతుంది, చెమ్మ ఎక్కువ కావాల్సిన పాములకి నప్పుతుంది. కార్న్ స్నేక్‌కి ఎక్కువమంది వాడేది ఆస్పెన్ పొట్టు. వాసన ఉండదు, రెండు మూడంగుళాల మందాన పరిస్తే పాము లోపల సొరంగం చేసుకున్నా కూలిపోదు. తడిస్తే మాత్రం బూజు పడుతుంది, నీళ్ళగిన్నె ఒలకకుండా చూసుకోవాలి.

ఇంత చెప్పినా నేను పేపర్ టవల్సే వేశాను. కొత్తగా తెచ్చినప్పుడు అదేం తప్పు కాదు. రెట్ట వేసిందా, ఒంటిమీద పురుగులేమైనా ఉన్నాయా తెలుస్తుంది. నా తప్పేమిటంటే, రోజూ మార్చడం. పొద్దున్నే ఇల్లు ఊడ్చే చెయ్యి ఊరుకుంటుందా? దాని దాగుడు గుల్ల ఎత్తడం, కాగితాలు లాగేయడం, కొత్తవి వేయడం. మూడునెలలు అలాగే చేశాను. అది గాజు పక్కనే అటూ ఇటూ తిరుగుతుంటే "ఎంత హుషారుగా ఉందో" అని మురిసిపోయాను.

ఇక తిండి. మాది గుడ్డు కూడా రాని ఇల్లు. పాము తినేదేమో ఎలుకపిల్లలు. గడ్డకట్టించినవి అమ్ముతారు, బతికున్నవి వేయక్కర్లేదు. వేయకపోవడమే మంచిది కూడా, బతికున్న ఎలుక ఎదురుతిరిగి పాముని కొరికేస్తుంది. నా ఫ్రీజర్లో కొబ్బరితురుము, మునక్కాయముక్కల పక్కన అవి పెట్టడానికి నేను చచ్చినా ఒప్పుకోనన్నాను. గరాజ్‌లో చిన్న ఫ్రీజర్ కొన్నాం. అంతటితో ఊరుకోలేదు. "తినిపించడం కూడా అక్కడే, ఇంట్లో దేవుడున్నాడు" అని పట్టుబట్టాను. విడిగా డబ్బాలో పెట్టి తినిపించడం పాతకాలం పద్ధతే కనుక చిన్నోడు వాదించలేకపోయాడు. వారానికోసారి జిలేబిని ప్లాస్టిక్ డబ్బాలో వేసుకుని గరాజ్‌కి వెళ్ళి, తిన్నాక చేత్తో పట్టుకుని తెచ్చేవాడు.

నాగులచవితి నాడు మా అత్తయ్యగారు వీడియో కాల్‌లో జిలేబిని చూసి దణ్ణం పెట్టుకున్నారు. "పాలు పోశావుట్రా?" అన్నారు. "పాము పాలు తాగదు నానమ్మా, ఎలుకలు తింటుంది" అన్నాడు వీడు. ఆవిడ నొచ్చుకుంటారనుకున్నాను. "అవున్రా, మా ధాన్యపుకొట్టు దగ్గర జెర్రిపోతు తిరుగుతుంటే మా మావగారు ఎవర్నీ కొట్టనిచ్చేవారు కాదు. ఎలుకల్ని తినకపోతే మన గింజలు మనకి దక్కేవా?" అన్నారు. పూజచేసే ఆవిడకే లేని పట్టింపు నాకెందుకో! అయినా గరాజ్ నియమం సడలించలేదు.

జనవరిలో బాగా చలిపెట్టిన వారం. తిన్న మర్నాడు పొద్దున జిలేబి మొత్తం కక్కేసింది. చిన్నోడు తెల్లబోయి, "నువ్వే గరాజ్‌కి తీసుకెళ్ళమన్నావు" అని ఏడ్చాడు. నేను మాట్లాడలేకపోయాను.

పాముల్ని చూసే పశువైద్యురాలి దగ్గరికి పరుగెత్తాం. ఆవిడ అన్నీ అడిగి, మెల్లగా చెప్పింది. పాముకి తన ఒంట్లో వేడి పుట్టదు, బయటి వెచ్చదనంతోనే అరిగించుకోవాలి. తొట్టెలో ఒకవైపు 85 డిగ్రీల ఫారెన్‌హీట్, రెండోవైపు 75 దాకా ఉండాలి. చలిలోకి తీసుకెళ్ళి, నిండుపొట్టతో చేతుల్లో మోసుకొస్తే ఎలా ఇముడుతుంది? తిన్నాక రెండురోజులు ముట్టుకోకూడదు. ఇప్పుడు పది పన్నెండు రోజులు ఏమీ పెట్టొద్దు, ఆ తర్వాత మామూలుకన్నా చిన్నది పెట్టండి అంది. పక్క గురించి కూడా అడిగింది. "రోజూ మారుస్తాను" అన్నాను గొప్పగా. "దానికి తనదన్న చోటే లేకుండా చేస్తున్నారు" అంది.

నేను పక్క వేసింది నా కంటి శుభ్రానికి, తిండి పెట్టింది నా మడికి. పడుకునేది, తినేది అది కదా!

ఆ సాయంత్రమే ఆస్పెన్ పొట్టు మూడంగుళాలు పరిచాం. జిలేబి అందులోకి దూరి రెండురోజులు కనిపించలేదు. ఇప్పుడు రెట్ట ఉన్నచోట మాత్రం తీసేస్తాం, మొత్తం మార్చడం నెలకోసారి. పొట్టు నోట్లోకి పోకుండా నా పాత స్టీలుపళ్ళెం ఒకటి తొట్టెలో పెట్టాను.

ఆ పన్నెండు రోజులూ చిన్నోడి కన్నా నేనే ఎక్కువసార్లు ఆ గదిలోకి తొంగిచూశాను. పదమూడోరోజు పెట్టింది తింది. ఆ తర్వాతా కక్కలేదు.

మొన్న మార్చిలో వాడు బడి వాళ్ళతో మూడురోజులు వేరే ఊరెళ్ళాడు. తిండిరోజు మధ్యలో పడింది. మా వారు ఆఫీసులో. నేనే చేశాను. ఎలుకపిల్లని జిప్ సంచీలో పెట్టి, దానికోసమే ఉంచిన మగ్గులో వేణ్ణీళ్ళు పోసి అరగంట ఉంచాను. మైక్రోవేవ్ పనికిరాదు, ఒకచోట ఉడికి ఒకచోట గడ్డగానే ఉంటుంది. పాము ఒంట్లో అన్నిటికన్నా లావైన చోటెంతుందో ఎలుక అంతే, కాస్త ఎక్కువున్నా ఫర్వాలేదు. పటకారుతో పట్టుకున్నాను. చెయ్యి వణికింది. జిలేబి నాలుక ఆడించి, ఒక్క ఉదుటున అందుకుంది. కళ్ళు మూసుకోలేదు నేను. తరవాత బాత్రూమ్ సింకులో సబ్బుతో చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. పాముల ఒంటిమీద సాల్మొనెల్లా ఉండొచ్చు, అందుకని వంటింటి సింకు దగ్గరికి ఏదీ రానివ్వను.

రాత్రి చిన్నోడు ఫోన్ చేశాడు. హలో కూడా లేదు. "అమ్మా, జిలేబి తిందా?"

"తింది నాన్నా."

"మొత్తం?"

"మొత్తం. పొట్టులోకి దూరి పడుకుంది."

నా నోట్లో ఎప్పటిమాటే ఉంది, నువ్వు తిన్నావా అని. అడగలేదు. కాసేపాగితే వాడే చెప్పాడు, ఏం తిన్నాడో, పక్కన ఎవరు కూర్చున్నారో, వాడికి కూడా ఇంట్లో బల్లి ఉందట. ఈసారి పదినిమిషాల కన్నా ఎక్కువే మాట్లాడాడు.