ముసలి మామిడికి కొత్త కొమ్మలు

కరీంనగర్ నుంచి ధర్మపురి నరసింహస్వామి దర్శనానికి వెళ్లే అక్కచెల్లెళ్లు మనలో చాలామందే ఉంటారు. బస్సు కొండగట్టు దాటేసరికి సగం మంది కునుకు తీస్తుంటారు. ఈసారి మాత్రం కళ్లు తెరిచి కూర్చోండి. జగిత్యాల చుట్టుపక్కలంతా మామిడి తోటలే! ఎండాకాలంలో చల్‌గల్ మార్కెట్‌లో కాయల కుప్పలు, ఢిల్లీకి పోయే లారీలు చూసి తీరాలి. ఎక్కువగా బంగినపల్లే. 2017లో భౌగోళిక గుర్తింపు ఆంధ్ర వాళ్లకు వచ్చినా, ఆ పండు మన నేలలోనూ బాగా కుదురుకుంది.

బంగినపల్లి టెంక పాతితే మళ్లీ అదే పండు వస్తుందని నమ్మకం లేదు. అందుకే అంటు కడతారు. ఆ తోటల్లో చెట్టు కింద వేరు నాటు మామిడిది, పైన కొమ్మ బంగినపల్లిది. ఉర్దూ తెలిసిన పెద్దలు దీన్ని ‘కలమీ’ మామిడి అంటారు. కలం అంటే రాసేదీ అదే, అంటు పుల్లా అదే. రెంటినీ ఏటవాలుగానే చెక్కాలి కదా!

ధర్మపురి దాటి, రాయపట్నం వంతెన మీద గోదావరి దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. 2016 నుంచి అది మంచిర్యాల జిల్లా అయింది. అక్కడ లక్షెట్టిపేట దగ్గర మా పెద్ద ఆడబిడ్డ వాళ్ల చెలకలో ఒక నాటు మామిడి ఉంది. గాలిదుమారానికి తూర్పు వైపు కొమ్మలన్నీ విరిగిపడ్డాయి. కొడుకులు కట్టెకోత మిషన్ వాళ్లకు బేరం పెట్టేశారు. ఆ ఇంటి పెద్దావిడ ఒకటే మాట అన్నది. “అమ్మితే అమ్ముండ్రి. రేపు తొక్కుకు కాయ ఎవలిస్తరు బిడ్డా?”

నిజమే. బంగినపల్లి ఎంత తీపైనా తొక్కుకు పనికిరాదు. పుల్లగా, గట్టిగా, పీచున్న నాటు కాయే కావాలి. చివరికి మధ్యేమార్గం దొరికింది. పడమటి వైపు ముట్టుకోకుండా, విరిగిన వైపు మాత్రం బంగినపల్లి అంటు కట్టించారు.

శివరాత్రి అయ్యాక విరిగిన మొద్దులను రంపంతో నున్నగా కోసి, మైలుతుత్తం, సున్నం కలిపిన పేస్టు పూశారు. లీటరు నీళ్లకు చెరో నూరు గ్రాములు. రెంటినీ విడివిడిగా నానబెట్టి కలపాలి. ప్లాస్టిక్ బకెట్ వాడండి, ఇనుప గిన్నె వద్దు. వానలు పడేసరికి మొద్దుల చుట్టూ రెమ్మలు గుబురుగా వచ్చాయి. బలమైనవి మూడు నాలుగే ఉంచి మిగతావి తీసేశారు.

అప్పుడు జగిత్యాల వైపు నుంచి అంటు కట్టే మనిషి వచ్చాడు, తడి గోనెలో పుల్లలు చుట్టుకుని. పెన్సిలంత లావు, మూడు నాలుగు నెలల వయసు పుల్లలు. వారం పది రోజుల ముందే తల్లిచెట్టు మీద వాటి ఆకులు కోసి, తొడిమలు మాత్రం ఉంచాడట. అలా చేస్తే మొగ్గ ఉబ్బుతుంది. రెమ్మ తల కోసి, నడుమ అంగుళంన్నర చీల్చాడు. పుల్ల మొనను రెండు పక్కలా చెక్కి అందులో దూర్చాడు. రెండింటి పచ్చి బెరడు కనీసం ఒక పక్కనైనా కలవాలి, కిటుకంతా అదే. తర్వాత పాలిథిన్ పట్టీతో గట్టిగా చుట్టి, పైన సన్నటి కవరు తొడిగాడు. మూడు వారాలకు ఎర్రటి చిగురు కనబడింది!

కుండీలో పైన్ చెట్లు పెంచే జపాన్ వాళ్లు కూడా ఇలాంటి పనే చేస్తారు. బోన్సాయ్ కాండం మీద ఒకచోట కొమ్మ లేక బోసిగా ఉంటే, అదే చెట్టు పొడుగు రెమ్మను వంచి, కాండానికి గాడి చేసి అందులో కట్టేస్తారు. పూర్తిగా అతికాకే వెనక వైపు కోస్తారు. దానికి చాలా ఓపిక కావాలి. మన తాతలు చేసిందీ దాదాపు ఇదే. నాటు మొక్క ఉన్న కుండను మంచి మామిడి కొమ్మ పక్కకు ఎత్తిపెట్టి, రెండింటినీ చెక్కి కట్టేవారు. పైన్ మన ఎండలకు ఆగదు గానీ, మామిడి మన ఇంటి చెట్టేనాయె.

మీ పెరట్లోనూ ఇలాంటి చెట్టుంటే అమ్మే ముందు అడిగి చూడండి. జగిత్యాల దగ్గర పొలాసలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. కట్టించాక ఒక్క జాగ్రత్త. అంటు కింద నుంచి వచ్చే నాటు చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లేయాలి, లేకుంటే అవే బలమంతా తినేస్తాయి. మా ఆడబిడ్డ నెలకోసారి నిచ్చెన వేయించి మరీ తీయించింది.

మూడో ఏడు తూర్పున పన్నెండు బంగినపల్లి కాయలు నిలిచాయి. పిల్లలు పంచుకుని తిన్నారు. పడమటి వైపు కాయ రెండు గోనెలు దిగింది. పెద్దావిడ అరుగు మీద కత్తిపీట వేయించుకుని, ఏ ముక్క ఏ జాడీలోకో ఇంకా తనే చెబుతోంది.