ఆదవాని కొండపై దాచిన డబ్బా

మా సి.బెళగల్లు చదునునేల; కొండ యెక్కుట నా కలవాటు కాదు. అయినను మఱిదిగారబ్బాయి ఆదవాని దుర్గముపై నొక డబ్బా దాచి, దాని అక్షాంశరేఖాంశములు మాత్రమే మాకు పంపెను. మావారు బడిలో చెప్పు భూగోళ మిన్నాళ్లకు మా యింట పనికివచ్చినది! 2000 మే నెల మొదట అమెరికా ప్రభుత్వము ఉపగ్రహసంకేతములందు బుద్ధిపూర్వకముగ కలిపెడు దోషమును మానుకొనగా, 3వ తేదీననే ఆరెగాను రాష్ట్రమున నొకడు బకెట్టొకటి దాచి యీ క్రీడకు శ్రీకారము చుట్టెనట.

ఎండ ముదురకమున్నే బయలుదేరితిమి. శిఖరము నేలకు సుమారు 800 అడుగుల యెత్తు. గుండ్లనడుమ సంకేతములు రాతికి తగిలి మరలుటచే ఫోను ఒకసారి యిటు, ఒకసారి యటు చూపుచుండెను. "అమ్మా, నేను ముందు పోయెదను" అని మా పండ్రెండేండ్ల పిల్ల నున్నని బండ నెగబ్రాకెను. వలదను మాట నా నాలుకపైకి వచ్చినది. మా యత్తగారు ఇంటివద్ద పలికి పంపినదియు నదియే. మ్రింగితిని.

కొంతసేపటికి "దొరికినదమ్మా!" అని కేక. రాతిపగులులో, పేర్చిన రాళ్ల వెనుక నున్నదట. అందలి పుస్తకమున తన పేరు వ్రాసి, దాని క్రింద నా పేరునకు చోటు విడిచితినని పైనుండి పిలిచినది. కుచ్చెళ్లు దోపి, రెండు చేతులతో బండను పట్టుకొంటిని.