మూడో రోజు మెసేజ్

మా చిన్నబిడ్డ పెండ్లయి ఆస్ట్రేలియాలో పెర్త్ పట్నంలో ఉంటున్నది. నిరుడు దాని కొడుక్కు ఫ్లూ టీకా వేయించింది. మూడో రోజు ఫోనుకు మెసేజ్ వచ్చిందట, టీకా తర్వాత బాబుకు ఏమైనా ఇబ్బంది అయిందా, అవునో కాదో జవాబియ్యమని. ఈ సంగతి విని మా ఆడపడుచు, "మందు మంచిదైతే మల్ల అడుగుడెందుకు వదినా? వాళ్లకే నమ్మకం లేనట్టున్నది" అన్నది. షోలాపూరులో మా గల్లీలో సగంమంది అదే మాటంటారు.

నేనైతే అడిగేవాళ్లనే నమ్ముతాను.

2010లో ఆ పెర్త్ ఉన్న రాష్ట్రంలో అయిదేండ్ల లోపు పిల్లలకు సర్కారు ఉచితంగా ఫ్లూ టీకా వేయించింది. కొందరు పిల్లలకు టీకా వేసిన రోజే, కొన్ని గంటల్లోనే, ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చి ఫిట్స్ వచ్చాయి. చిన్నపిల్లలకు జ్వరంలో ఫిట్స్ కొత్తేం కాదు గదా, అందుకని ఏ ఆస్పత్రికి ఆ ఆస్పత్రి తన దగ్గరికొచ్చిన పిల్లను చూసి పంపింది. అన్నీ ఒక్కచోట లెక్కేసేసరికి రోజులు గడిచాయి. ఏప్రిల్ 23న దేశమంతటా ఆ వయసు పిల్లలకు ఫ్లూ టీకా ఆపేశారు. తర్వాత చూస్తే బాధంతా ఫ్లువాక్స్ అనే ఒక్క రకంతోనే: వెయ్యిమంది పిల్లల్లో అయిదుగురి నుంచి పదిమంది దాకా. మిగతా కంపెనీల టీకాలతో అట్లా కాలేదు.

మన కార్ఖానాలో ఒక మగ్గం మీద పోగు తెగితే నేసేవాడు ముడేసి నడిపిస్తాడు. ఇరవై మగ్గాల మీద ఒకే లాట్ నూలు తెగుతున్నదని వాడికేం తెలుసు? అన్నిటి మధ్య తిరిగే జాబరుకు తెలుస్తుంది. వాళ్లు 2014 నుంచి అట్లాంటి జాబరును పెట్టుకున్నారు, ఆస్‌వాక్స్‌సేఫ్టీ అని. ఆ మెసేజ్ దానిదే. వేలమంది తల్లులు 'ఏం కాలేదు' అని రాస్తేనే 'అయింది' అన్న నలుగురి మాటకు లెక్క దొరుకుతుంది.

మన దగ్గర ఫ్లూ టీకా సర్కారు ఉచిత టీకాల్లో లేదు. ప్రైవేటులో డబ్బు పెట్టి వేయించుకోవాలి. సర్కారు టీకాకైతే అరగంట కూర్చోబెడతారు, ఏమన్నా అయితే చెప్పుకోవడానికి ఆశాతాయి ఉంది. ప్రైవేటులో వేయించిన మా వాడవాళ్లకు ఎవరికీ మెసేజ్ రాలేదు. కనుక మనమే పోయి చెప్పాలి. జ్వరం ఏ పూట వచ్చిందో రాసిపెట్టుకోండి. ఫిట్స్ వస్తే పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా పెట్టొద్దు, చేతిలో తాళంచెవులు పెట్టి పొద్దు పోగొట్టుకోవద్దు, ఆస్పత్రికి తీసుకుపోండి.

పోయిన నెల మా కోడలు పాపకు ఈ టీకా వేయించి, కార్డు మీద కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు కూడా రాయమన్నది. డాక్టరు దాని ముఖం ఒకసారి చూసి, చెత్తబుట్టలోంచి డబ్బా తీసి రాసిచ్చాడు. ఆ రాత్రి పాప ఒళ్లు కొంచెం వెచ్చబడింది, తెల్లారేసరికి తగ్గింది. కోడలు ఫోన్ చేసి అది కూడా చెప్పింది.