పటిక, సున్నం, పరిశోధన

ఇంజనీరింగు పరిశోధన అనగానే మన విద్యార్థుల కన్నులకు కట్టేవి ఆనకట్టలు, వారధులు, ఆకాశహర్మ్యాలు. బిందె అడుగున మిగిలే మడ్డి కూడా స్నాతకోత్తర పరిశోధనకు వస్తువు కాగలదంటే నమ్మేవారు అరుదు. తెలుగు బోధించే వానికి ఈ ప్రసంగంతో పనేమిటని సైన్సు శాఖ మిత్రులు అడుగవచ్చును. ఇక్కడ ఇంటర్మీడియట్ చదివి, ఇప్పుడు పర్యావరణ ఇంజనీరింగులో ఎం.టెక్. చేస్తున్న ఒక విద్యార్థిని తన ప్రశ్నావళిని తెలుగు చేయించుకొనుటకు నా వద్దకు వచ్చింది. నాకు పని కల్పించినది ఆమెయే.

ఆమె పరిశోధనాంశం 'నల్లగొండ పద్ధతి'. తాగునీటిలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు చెడుతున్నాయని మద్రాసు ప్రెసిడెన్సీ వైద్యులు 1937లోనే ప్రకటించారు. ఈ విషానికి రంగు లేదు, వాసన లేదు. నీటిని మరిగించినా పోదు సరికదా, ఆవిరి పోయిన కొద్దీ దాని పాలు హెచ్చుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రమాణం. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు 1970ల దశకంలో దీనికి ఒక ఉపాయం రూపొందించారు. నీటిలో సున్నం, పటిక, క్రిమిసంహారానికి బ్లీచింగు పౌడరు కలిపి తిప్పుతారు. దూదిపింజల వంటి తెట్టెలు ఏర్పడి, ఫ్లోరైడును పట్టుకొని అడుగుకు దిగుతాయి. పై నీటిని వంచుకోవాలి. ఎంత సులభం! పటికతో బురదనీటిని తేర్చడం మన అమ్మమ్మలకు, నానీమాలకు తెలిసిన విద్యయే కదా. మా ఇంట దానిని ఫిట్కరి అనేవారు.

చిక్కు అంతా మోతాదులో ఉన్నది. నీటి క్షారతను బట్టి, ఫ్లోరైడును బట్టి పటిక పాలు మారుతుంది. ఒక బావికి చెల్లిన లెక్క పక్క బావికి చెల్లదు. తగ్గితే ఫ్లోరైడు మిగులుతుంది. మించితే అల్యూమినియం, సల్ఫేటు నీటిలో నిలుస్తాయి. ఆ మడ్డిని ఎక్కడ పారబోయాలి? ఆమె ప్రశ్న అదే.

పాఠ్యగ్రంథంలో ఉన్న 'అవక్షేపం' అనే మాటను ఆమె పల్లెలో పలికితే ఒక ముసలమ్మ, "మడ్డి అనరాదమ్మా?" అన్నదట. ప్రశ్నావళిలో ఆ మాటయే నిలిచింది.

మిషన్ భగీరథ ద్వారా నల్లగొండ పల్లెలకు కృష్ణా జలాలు చేరిన తరువాత ఈ శ్రమ దేనికని ఆమె తండ్రి అడిగాడు. కుమార్తె సాఫ్ట్‌వేరు కొలువులో చేరితే ఇల్లు గడుస్తుందని ఆయన ఆశ. న్యాయమైన ప్రశ్నయే, కొట్టివేయదగినది కాదు. నల్లా రాని దినాన బోరే దిక్కని ఆమె సమాధానం. పైగా ఈ పద్ధతి టాంజానియా, ఇథియోపియాల దాకా నల్లగొండ పేరుతోనే వెళ్ళింది. అక్కడివారికి మన జిల్లా తెలిసినది ఈ విధంగానే. ఒకసారి వంగిన ఎముకను ఏ పటికయు నిలబెట్టలేదు. ఆ పిల్ల తొందరకు మూలం అదే అనుకుంటాను.

తండ్రి ఇంకా ఒప్పుకోలేదు. వ్యాసం ఆంగ్లంలో పూర్తి కావచ్చింది. పల్లెవారికి పంచుటకు రెండు పుటల తెలుగు సంగ్రహం నేను దిద్ది ఇచ్చాను. ఉర్దూ ప్రతి మా ఉర్దూ శాఖ మిత్రుని బల్లపై ఉన్నది.