క్షమకు వెల కట్టగలమా?

2024 ఫిబ్రవరిలో సిరిసిల్ల ప్రాంతానికి చెందిన వలస కార్మికులు దుబాయ్ జైలు నుంచి విడుదలై ఇల్లు చేరారు. పద్దెనిమిదేళ్ల తర్వాత! ఆ వార్త చూసి బ్రాంప్టన్‌లో మా ఇంటిల్లిపాదికీ కళ్లు చెమర్చాయి. మాదీ ఆ జిల్లాయే. మా ఊళ్లో గల్ఫ్ వెళ్లినవాళ్లు లేని వాడకట్టు ఉండదు.

పదకొండో తరగతి చదువుతున్న మా అమ్మాయి మాత్రం సూటిగా అడిగింది. "బాపూ, చనిపోయినాయన ఇంటివాళ్లు డబ్బు తీసుకుని క్షమిస్తే శిక్ష తగ్గుతుందట కదా! అంటే డబ్బున్నోళ్లు బయటపడతారు, లేనోళ్లు లోపలే ఉంటారు. ఇదేం న్యాయం?" స్కూల్లో లా సబ్జెక్టు తీసుకుంది, అడగక మానుతుందా! వారం రోజులు ఇంట్లో ఇదే చర్చ.

2005లో దుబాయ్‌లో నేపాల్‌కు చెందిన ఒక వాచ్‌మన్ హత్యకు గురయ్యాడు. ఆ కేసులోనే వీళ్లకు శిక్ష పడింది. 2011లో సిరిసిల్ల ఎమ్మెల్యేగా ఉన్న కె. తారకరామారావు నేపాల్ వెళ్లి మృతుని భార్యకు 15 లక్షల రూపాయలు అందించారు. ఆమె క్షమాపణ పత్రం ఇచ్చింది. అయినా వాళ్లు బయటికి రావడానికి మరో పన్నెండేళ్లకు పైగా పట్టింది. కుటుంబం క్షమించినా, సమాజం తరఫున శిక్షించే అధికారం కోర్టుకు మిగిలే ఉంటుంది మరి. డబ్బు పారేస్తే తలుపు తెరుచుకుంటుందన్న మాట నిజం కాదు.

ఈ పరిహారాన్ని అరబ్బీలో 'దియా' అంటారు. ఒక హత్యకు పగగా మరో హత్య, దానికి ఇంకొకటి... ఇలా తెగలకు తెగలే తుడిచిపెట్టుకుపోయే ఎడారిలో, ఆ గొలుసు తెంచడానికి పుట్టిన పద్ధతి ఇది. పూర్వం ఒక ప్రాణానికి వంద ఒంటెలు ఇచ్చేవారు. పొరపాటున ప్రాణం తీస్తే బాధిత కుటుంబానికి పరిహారం ఇవ్వాలని, వాళ్లు దానంగా వదులుకుంటే తప్ప అది తప్పదని ఖురాన్ నాలుగో అధ్యాయం చెబుతుంది. కావాలని చేసిన హత్యలో కుటుంబానికి మూడు దారులు: ప్రాణానికి ప్రాణం కోరడం, పరిహారం తీసుకోవడం, ఊరికే క్షమించడం.

ఇక్కడ మన పంజాబీ ఇరుగుపొరుగుకి ఈ మాట కొత్త కాదు. 2010లో షార్జాలో ఉరిశిక్ష పడిన 17 మంది భారతీయుల్లో ఎక్కువమంది పంజాబీలే. దుబాయ్ వ్యాపారి ఎస్.పి. సింగ్ ఒబెరాయ్ పూనుకుని పరిహారం కట్టించడంతో 2013లో వాళ్లు ఇళ్లు చేరారు.

కెనడా పద్ధతి వేరు. నేరం జరిగితే కేసు రాజు పేరిట నడుస్తుంది. బాధిత కుటుంబం తమ గోడు కోర్టులో చదివి వినిపించవచ్చు కానీ కేసు కొట్టేయమని చెప్పలేదు. పూర్తి పరిహారం కావాలంటే సాధారణంగా విడిగా సివిల్ దావా వేసుకోవాలి. ధనిక, పేద తేడా లేకపోవడం ఇందులో మంచి. ఇంటి పెద్ద పోయినవాళ్ల పొయ్యి ఎలా వెలుగుతుందన్నది మాత్రం వేరే కోర్టుకు, వేరే రోజుకు వాయిదా!

అప్పుడు మా అమ్మాయికి మా అమ్మమ్మ సంగతి చెప్పాను. మా మేనమామ లారీ కింద పడి పోతే వచ్చిన పరిహారాన్ని ఆమె చాలాకాలం ముట్టలేదు. "నా కొడుకును అమ్ముకున్నట్టుంటది" అనేది. చివరికి ఆ డబ్బుతోనే మనవల ఫీజులు కట్టింది. కట్టిన రోజు అన్నం తినలేదు.

అందుకే నాకనిపిస్తుంది, ఆ డబ్బు ప్రాణానికి ఖరీదు కాదు, మిగిలినవాళ్ల బతుక్కి ఆసరా. క్షమ అంటారా, అది ఆ నేపాలీ తల్లి ఇస్తే వచ్చింది. తన భర్త కేసులో శిక్ష పడినవాళ్లను క్షమిస్తూ ఆమె సంతకం చేసింది. దానికి వెల కట్టే లెక్క ఏ దేశపు చట్టంలోనూ లేదు.