అర డిగ్రీ లెక్క

‘సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత సాధారణం కంటే అర డిగ్రీ ఎక్కువ’... వాతావరణ వార్తల్లో తరచూ కనిపించే మాట ఇది. బంగారం ధర కాస్త పెరిగితే ఉలిక్కిపడతాం కానీ, దీన్ని మాత్రం చూసీ చూడనట్టు దాటేస్తాం. ఓ ఆదివారం పేపరు తిరగేస్తూ మా అమ్మ అడగనే అడిగింది. ‘‘పొయ్యి మీద గిన్నె పెడితే నిమిషంలో పది డిగ్రీలు పెరుగుతుంది. అర డిగ్రీకి ఇంత హడావుడేంటే?’’

న్యాయమైన ప్రశ్నే! కానీ పొయ్యి మీదిది గిన్నెడు నీళ్లు. సముద్రం అలా కాదు. ఓ పట్టాన వేడెక్కదు, వేడెక్కితే ఓ పట్టాన చల్లారదు. భూమ్మీద పోగవుతున్న అదనపు వేడిలో దాదాపు 90 శాతాన్ని సముద్రాలే మింగుతున్నాయి. వేల కిలోమీటర్ల మేర నీళ్లు అర డిగ్రీ వేడెక్కాయంటే అవి ఎంత వేడిని దాచుకున్నట్టో!

అసలు అంత పెద్ద సముద్రానికి థర్మామీటరు పెట్టేదెలా? ఈ కథ నాకు భలే నచ్చింది. పూర్వం నావికులు తాడు కట్టిన బకెట్‌ని సముద్రంలోకి వదిలి, నీళ్లు తోడి, అందులో థర్మామీటరు ముంచేవారు. గుడ్డ బకెట్ అయితే గాలి తగిలి, మన మట్టికుండలోలాగే నీళ్లు చల్లబడేవి. తర్వాత ఇంజిన్‌ని చల్లబరచడానికి ఓడలోకి తీసుకునే నీటిని కొలవడం మొదలైంది. అక్కడేమో ఇంజిన్ గది వేడికి అంకె కాస్త పెరిగేది. 1945లో ప్రపంచ ఉష్ణోగ్రత ఒక్కసారిగా 0.3 డిగ్రీలు పడిపోయినట్టు పాత రికార్డులు చూపించాయి. నిజానికి సముద్రం చల్లబడలేదు. యుద్ధం ముగిశాక ఇంజిన్ నీటిని కొలిచే అమెరికా ఓడలు తగ్గి, బకెట్‌తో తోడే బ్రిటిష్ ఓడలు పెరిగాయంతే! శాస్త్రవేత్తలు ఆ తేడాని పట్టుకుని ప్రకటించింది 2008లో.

ఇప్పుడు ఆకాశం నుంచి ఉపగ్రహాలు చూస్తున్నాయి. మబ్బు అడ్డొస్తే పరారుణ కిరణాలతో కొలిచేవాటికి నీళ్లు కనిపించవు, మైక్రోవేవ్‌తో కొలిచేవి మబ్బుల్లోంచీ చూస్తాయి. సముద్రంలో దాదాపు నాలుగు వేల ‘ఆర్గో’ తేలియంత్రాలున్నాయి. పది రోజులకోసారి రెండు కిలోమీటర్ల లోతు నుంచి కొలుచుకుంటూ పైకొచ్చి ఉపగ్రహానికి కబురు చెబుతాయి. ఒకదాని లెక్కని మరొకదానితో సరిచూస్తేనే ఆ అర డిగ్రీ తేలేది.

ఇంతకీ దాంతో మనకేం పని? పసిఫిక్ మధ్యభాగంలో నీళ్లు సాధారణం కంటే అర డిగ్రీ వేడెక్కి, నెలల తరబడి అలాగే ఉంటే దాన్నే ఎల్‌నినో అంటారు. 2002లో అది వచ్చినప్పుడు మనకు కరవొచ్చింది. 1997లో అంతకంటే బలమైన ఎల్‌నినో వచ్చినా వానలు మామూలుగానే పడ్డాయి. ఆ ఏడాది హిందూ మహాసముద్రం పడమటి వైపు వేడెక్కి మనకు సాయపడిందని తర్వాత తెలిసింది. అంటే ఒక్క అంకెతో జాతకం చెప్పలేం... పక్క సముద్రాన్నీ చూడాలి.

మన బంగాళాఖాతం సంగతి మరీ ప్రత్యేకం. తుపాను పుట్టడానికి నీళ్లు సుమారు 26.5 డిగ్రీలు ఉండాలంటారు. ఇక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం అంతకంటే వేడే! గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి తెచ్చిపోసే మంచినీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద మూతలా పరుచుకుంటుంది. అడుగునున్న చల్లనీరు పైకి రానివ్వదు. గాలులు కూడా కలిసొస్తే ఆ వేడే తుపానుకి ఇంధనం. 1977 నవంబరు దివిసీమనీ, 2014 అక్టోబరు హుద్‌హుద్‌నీ చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

అన్నం పెట్టేదీ ఈ లెక్కే. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికా శాస్త్రవేత్త లాఫాండ్, మన తీరంలో చల్లటి అడుగునీరు పైకి ఉబికి రావడాన్ని అధ్యయనం చేశారు. ఆ నీటితోపాటు పోషకాలొస్తాయి, నాచు పెరుగుతుంది, చేపలు చేరతాయి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాలు చూపే నీటి వేడినీ, నాచునీ కలిపి చూసి చేపలు ఏ దిక్కున, ఎంత దూరంలో దొరకొచ్చో మత్స్యకారులకు చెబుతోంది. ‘ఇది పనికొస్తోందా?’ అని విశాఖ రేవులో ఓ పెద్దాయన్ని అడిగాను. ‘‘చేప ఉందని చెప్పరమ్మా, ఉండే చోటు చెబుతారు. తిరిగే డీజిలు మిగిలినా లాభమే కదా’’ అన్నాడు.

2024లో ధ్రువ ప్రాంతాలను మినహాయిస్తే ప్రపంచ సముద్రాల సగటు ఉపరితల ఉష్ణోగ్రత 20.87 డిగ్రీలు. అప్పటిదాకా నమోదైనవాటిలో అదే రికార్డు. 1991-2020 సగటు కంటే 0.51 డిగ్రీలు ఎక్కువ. అంటే మళ్లీ అర డిగ్రీయే! పేపర్లో మనం ఒక్క క్షణంలో దాటేసే ఈ అంకె కోసం, తీరంలోని ఇళ్లలో పడవ ఎప్పుడు బయల్దేరాలో, అసలు బయల్దేరాలో వద్దో తేల్చుకోవడానికి ఎదురుచూస్తుంటారు.