ఈసారి ఏ గుర్తు?

2024 మే 13. అవనిగడ్డలో పోలింగు బూతుకి బయల్దేరుతూ అమ్మ అడిగింది: "ఈసారి బుద్ధప్రసాద్ గారిది ఏ గుర్తురా?"

"గాజు గ్లాసు."

"ఎన్ని మారాయో!" అని నవ్వింది.

నిజమే. మండలి బుద్ధప్రసాద్ 1999లో, 2004లో చెయ్యి గుర్తు మీద గెలిచారు. 2014లో సైకిలు. ఇప్పుడు గ్లాసు. దివిసీమలో పార్టీ లేదు, ఇంటిపేరే ఉంది అంటారు బయటివాళ్ళు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత ఆయన తండ్రి వెంకటకృష్ణారావు గారి పేరు మా ఇళ్ళల్లో నిలిచిపోయింది. 1983లో రాష్ట్రమంతా ఎన్టీఆర్ గాలి వీచినా ఇక్కడ ఆయన కాంగ్రెస్ తరఫున నెగ్గారు.

కానీ 1985 నుంచి వరసగా మూడుసార్లు సింహాద్రి సత్యనారాయణరావు గారిని సైకిలు మీద గెలిపించిందీ ఈ ఊళ్ళే. 2009లో, 2019లో బుద్ధప్రసాద్ గారిని ఓడించిందీ ఈ ఊళ్ళే. ఇంటిపేరు ఒక్కటే చాలితే ఇలా జరగదు కదా.

"మీ నాన్న ఉన్నన్నాళ్ళూ ఆయన చెప్పిన గుర్తుకే వేశాను," అంటుంది అమ్మ. ఆయన పోయాక 2019లో ఎవరికి వేసిందో ఇప్పటికీ చెప్పదు. ఉప్పెనని మాత్రం ఒక్కరోజూ మర్చిపోలేదు.

బూతు నుంచి వచ్చి సిరా వేలు చూపించింది.

"గ్లాసుకేనా?" అన్నాను.

"గుర్తు తెలియాలి కదరా," అంది, "వెయ్యడానికైనా, మానడానికైనా."